ఆన్‌లైన్‌లో కొన్న రోమన్ వెండి నాణెం అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా

రోమన్ వెండి నాణేనికి అసలు పరీక్ష డబ్బు కట్టకముందే జరగాలి. హైదరాబాద్‌లో ఉండి విదేశీ సైట్లలో కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. లండన్ నుంచో మ్యూనిక్ నుంచో తెప్పించుకున్న నాణెం మీద అనుమానం వచ్చి, అమెరికాలో గ్రేడింగ్ కంపెనీకి పంపి తేల్చుకుందామంటే ఆ దారి లేదు. అమ్మినవాడికి తిరిగి పంపడమూ చిక్కే. నకిలీ అని మీరు అనుకోవచ్చు, కానీ అసలుదేమోనన్న సందేహం ఉన్నంతవరకూ పోస్టాఫీసులోనైనా కస్టమ్స్‌లోనైనా జవాబు చెప్పాల్సింది మీరే.

అందుకే ఆర్డర్ పెట్టకముందే అమ్మేవాడిని రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న అడగండి: "నాణెం నకిలీ అని నిపుణుడు తేలిస్తే, వస్తువు తిరిగి రాకుండా ఫొటోలు, రిపోర్టు చూసి డబ్బు వాపసు ఇస్తారా?" పేరున్న డీలర్లు దీనికి సూటిగా జవాబిస్తారు. నసిగినవాడి దగ్గర కొనకపోవడమే మేలు. పార్సిల్ మీద "గిఫ్ట్" అనో "లోహపు సావనీర్" అనో రాసి పంపుతానన్నవాడి దగ్గర అసలే వద్దు. తప్పుడు డిక్లరేషన్‌తో వచ్చిన పార్సిల్ కస్టమ్స్‌లో ఆగినా, దారిలో పోయినా, మీ తరఫున చూపించుకోవడానికి సరైన కాగితం ఒక్కటీ ఉండదు.

ముందు అది ఏ నాణెమో తెలియాలి

"రోమన్ సిల్వర్ కాయిన్, చాలా పాతది, అరుదైనది" అని మాత్రమే రాసిన ప్రకటన చూసి బరువు, లోహం సంగతి ఆలోచించకండి. ఏ చక్రవర్తిది, ఏ విలువది, ఏ ఏళ్ల మధ్య కొట్టినది అన్నది తేలితేనే మిగతా అంకెలకు అర్థం ఉంటుంది.

బజారులో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది దేనారం. బైబిల్ చదివేవాళ్లకు ఈ పేరు పరిచయమే. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలై సుమారు నాలుగున్నర శతాబ్దాలు నడిచింది. 17 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు. బొమ్మ వైపు చక్రవర్తి తల వట్టిగా గానీ, ఆకుల దండతో గానీ ఉంటుంది. రెండోది ఆంటోనినియానస్. దీన్ని క్రీ.శ. 215లో కారకాల్లా చక్రవర్తి ప్రవేశపెట్టాడు. 21 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మగవాళ్ల తల మీద సూర్యకిరణాల్లాంటి మొనల కిరీటం, రాణుల భుజాల కింద నెలవంక దీని గుర్తు. కిరణాల కిరీటం ఉన్న నాణేన్ని దేనారం అని అమ్ముతుంటే, అమ్మేవాడికి సరుకు తెలియదనైనా అర్థం, మీకు తెలియదని వాడు అనుకుంటున్నాడనైనా అర్థం.

తర్వాత అంచు వెంబడి ఉన్న అక్షరాలు చదవాలి. సాధారణంగా ఎడమ కింది వైపు మొదలై గడియారం ముల్లు తిరిగే దిశలో పోతాయి. మాటల మధ్య ఖాళీ ఉండదు. 'యు' అక్షరం ఉండదు, దాని చోట 'వి' ఉంటుంది. లాటిన్ రాకపోయినా ఫరవాలేదు, ఏడెనిమిది పొట్టి రూపాలు వస్తే చాలు. ఐఎంపీ అంటే ఇంపెరేటర్, సీఏఈఎస్ అంటే సీజర్, ఏవీజీ అంటే అగస్టస్, పీఎం అంటే ప్రధాన పురోహితుడు, టీఆర్‌పీ అంటే ట్రిబ్యూన్ అధికారం, సీఓఎస్ అంటే కాన్సుల్ అనే పెద్ద పదవి, పీపీ అంటే దేశపిత. టీఆర్‌పీ, సీఓఎస్ పక్కన రోమన్ అంకె ఉంటే అది ఎన్నోసారో చెబుతుంది. నాణెం మీద తేదీ వేసినట్టే.

ట్రాజన్ చక్రవర్తి నాణేలను చూడండి. అతనికి జర్మానికస్ బిరుదు 97లో వచ్చింది, డాసికస్ 102లో. ఐదోసారి కాన్సుల్ అయింది 103లో, ఆరోసారి 112లో. ఆప్టిమస్ 114లో, పార్థికస్ 116లో. కాబట్టి ఒక నాణెం మీద "సీఓఎస్ ఐదు", పార్థికస్ బిరుదు రెండూ కలిసి కనిపిస్తే అలాంటిది రోమ్ టంకసాల నుంచి వచ్చే వీలే లేదు. ఒక వైపు ఒక నాణెం నుంచి, మరో వైపు ఇంకో నాణెం నుంచి తీసి అతికించిన పని అది. నకిలీలు చేసేవాళ్లు చాలామంది బొమ్మ బాగా రావడం మీదే శ్రద్ధ పెడతారు. బిరుదుల లెక్క దగ్గర దొరికిపోతారు.

చదివింది సరిపోల్చుకోవడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ కేటలాగులు రెండున్నాయి. చక్రవర్తుల కాలానికి ఓసీఆర్ఈ, అంతకుముందు గణతంత్ర కాలానికి సీఆర్ఆర్ఓ. అమ్మేవాడు ఇచ్చిన ఆర్‌ఐసీ నంబరు (రోమన్ చక్రవర్తుల నాణేలకు ప్రామాణికమైన 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' పుస్తకాల్లోని నంబరు) అక్కడ వెతికి, అక్షరాల వరస, తల ఎటు తిరిగింది, భుజాల మీద వస్త్రం ఉందా కవచం ఉందా, బొరుసు వైపు దేవత చేతిలో ఏముంది, ఇవన్నీ ఒక్కొక్కటిగా పోల్చండి. చేతిలో త్రాసు ఉండాల్సిన చోట కొమ్మ ఉంటే అది వేరే నంబరు. నంబరు తప్పు రాయడం నిజాయితీపరులూ చేస్తారు, దాంతోనే నకిలీ అనకండి. కానీ ఆ తప్పు వల్ల మామూలు నాణెం అరుదైనదిగా మారి ధర పెరిగిందంటే ఆగి ఆలోచించండి.

ఫొటోలతో చేయాల్సిన పని

అసలు కష్టమంతా ఇక్కడే పడాలి. అమ్మేవాడిని నాలుగు అడగండి: రెండు వైపులా పెద్ద ఫొటోలు, అంచు చుట్టూ కనీసం మూడు ఫొటోలు, గ్రాముల్లో రెండు దశాంశాల వరకు బరువు, మిల్లీమీటర్లలో వెడల్పు. వెలుతురు కింద నాణేన్ని తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో ఇస్తే ఇంకా మంచిది. అంచు ఫొటో ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి.

ఇప్పుడు జంట నాణెం వెతకాలి. రోమన్ అచ్చులు చేత్తో చెక్కినవి. ఒకే అచ్చుతో వేల నాణేలు కొట్టారు కాబట్టి, ఒకే అచ్చు నాణేలు రెండు దొరకడం వింతేమీ కాదు. వింత ఏమిటంటే, అవి అచ్చులోనే కాక ప్రమాదాల్లో కూడా ఒకేలా ఉండటం. ప్రతి వెండి బిళ్లనూ విడిగా పెట్టి సుత్తితో కొట్టారు. కాబట్టి బొమ్మ పక్కకు జరిగిన తీరు, అంచు చీలిన చోటు, దెబ్బ సరిగా పడని భాగం, అరుగుదల, గీతలు ఒక్కో నాణేనికి ఒక్కోలా ఉండి తీరాలి. రెండు నాణేలకు ఇవి కూడా కలిశాయంటే ఒకటి తల్లి, రెండోది దాని నుంచి తీసిన పిల్ల. లేదా రెండూ పిల్లలే.

వేలంపాటల పాత ఫొటోలన్నీ ఉండే ఏసీసెర్చ్ లాంటి సైట్లలో ఆ రకం నాణేలు తెరిచి, మీరు కొనబోయేదాన్ని పక్కన పెట్టుకోండి. చూడాల్సిన చోట్లు ఇవి. చుక్కల వలయంలో ఏ చుక్కలు అంచు బయట పడిపోయాయి? మొదటి అక్షరానికీ అంచుకూ మధ్య దూరం ఎంత? చీలిక గడియారంలో ఏ గంట దగ్గరుంది? అక్షరం మసకబారిన చోటు ఏది? తల వెనక ఖాళీలో చిన్న గుంట ఏమైనా ఉందా? పిల్లను వేరేగా చూపించడానికి నకిలీదారులు అంచు అరగదీస్తారు, కొత్త గీతలు పెడతారు, నలుపు రంగు వేస్తారు. ఎత్తైన చోట్ల ఇవన్నీ సులువుగా చేయొచ్చు. అక్షరాల సందుల్లో, ముక్కు కింద, చెవి మడతలో ఉన్న చిన్న గుంటల జోలికి మాత్రం వాళ్లు సాధారణంగా పోరు. తల్లి నాణెం మీది గుంట, అచ్చులో బొడిపెగా మారి, పిల్ల మీద మళ్లీ గుంటగానే దిగుతుంది. ఆ గుంటలే పట్టిస్తాయి.

ఇలాంటి నకిలీల గురించి సేకర్తలు కలిసి నడిపే ఫొటో జాబితాలు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఫోరం ఏన్షెంట్ కాయిన్స్ వాళ్ల నకిలీల జాబితా వాటిలో పెద్దది. బల్గేరియాలో కొత్త అచ్చులతో కొట్టిన దేనారాలు అందులో చాలా కనిపిస్తాయి. అవి పోత పోసినవి కావు, నిజంగా కొట్టినవే. వెండి కూడా మంచిదే. అందుకే లోహ పరీక్షకు లొంగవు. శైలి దగ్గర పట్టుబడతాయి. జుట్టు పాయలు మరీ సమంగా, కళ్లు మరీ శుభ్రంగా, అక్షరాల గీతలన్నీ ఒకే మందంలో ఉంటాయి. అసలు నాణెం మీద అక్షరం కొన వెడల్పుగా, మధ్య సన్నగా ఉంటుంది. అచ్చులో అక్షరాన్ని చిన్న ఉలి దెబ్బలతో చెక్కిన గుర్తు అది. ఈ చూపు ఒక్కరోజులో రాదు. మీరు కొనాలనుకున్న చక్రవర్తి నాణేలు ఏసీసెర్చ్‌లో ఓ వంద చూశాకే మొదటి రూపాయి ఖర్చు పెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ నకిలీలు వచ్చేది టిబేరియస్ దేనారంలో. క్రీస్తు కాలపు కప్పం నాణెం ఇదేనని చాలామంది నమ్ముతారు కాబట్టి ప్రపంచమంతా గిరాకీ ఉంది, మన ఊళ్లోనూ కానుకగా ఇవ్వడానికి కొనేవాళ్లున్నారు. బొమ్మ వైపు దండ వేసిన తల. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతుల్లో పొడవాటి రాజదండం, కొమ్మ, చుట్టూ "పోంటిఫ్ మాక్సిమ్" అన్న అక్షరాలు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొట్టినది. బరువు 3.6 నుంచి 3.9 గ్రాములు. దీన్ని ఊరూపేరూ లేని ఖాతా నుంచి చవగ్గా కొనడం అంటే నకిలీని ఏరికోరి తెచ్చుకోవడమే. ఈ ఒక్క రకానికి మాత్రం వేలంపాట చరిత్ర ఉన్న నాణేన్నే, నాలుగు డబ్బులు ఎక్కువైనా, కొనమని మా సలహా.

ఇంటికి వచ్చాక: బరువు, అంచు, భూతద్దం

పార్సిల్ విప్పేటప్పుడు కవరు మీది లేబుల్ కనిపించేలా వీడియో తీయండి. నాణేన్ని అంచులు పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి చూడండి.

బరువు అంచనాలు ఇలా ఉంటాయి. గణతంత్ర కాలపు చివరి శతాబ్దంలో దేనారం 3.9 గ్రాముల దగ్గర ఉండేది. అగస్టస్, టిబేరియస్‌లవి 3.6 నుంచి 3.9. నీరో 64లో ప్రమాణం తగ్గించాక రెండో శతాబ్దం దాకా 3.0 నుంచి 3.5. సెవెరస్ వంశం నాటికి 2.8 నుంచి 3.4. ఆంటోనినియానస్ మొదట్లో 4 నుంచి 5 గ్రాముల పైచిలుకు. గాలియెనస్ ఒంటరిగా ఏలిన 260 తర్వాత అది దాదాపు రాగి బిళ్ల, పైన వెండి పొర మాత్రమే. కాస్త తక్కువ తూగితే కంగారు పడకండి. అరిగి ఉండొచ్చు, మట్టిలో రాగి కరిగిపోయి ఉండొచ్చు. ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి. 4.6 గ్రాముల ట్రాజన్ దేనారానికి సర్దిచెప్పుకోవడానికి కారణం దొరకదు.

అంచు చూడటానికి పదింతలు పెద్దగా చూపే భూతద్దం, పక్క నుంచి పడే వెలుతురు కావాలి. కొట్టిన నాణేనికి అంచు ఎక్కడా ఒకేలా ఉండదు. ఒకచోట పలచగా, ఒకచోట మందంగా, లోపలికి చొచ్చుకుపోయే సన్నటి చీలికలతో ఉంటుంది. పోత నాణేనికి రెండు సగాలు కలిసిన చోట చుట్టూ గీత ఉంటుంది. ఆ గీతను ఆకురాయితో అరగదీసి ఉంటే, ఆకురాయి గీతలు సమాంతరంగా కనిపిస్తాయి. అంచు మొత్తం అరగదీసి ఉందంటే అక్కడితో ఆపేయండి, తర్వాతి పరీక్షలు అనవసరం.

ఇక నాణెం ముఖం. ఒక్క అక్షరాన్ని, ఉదాహరణకు ఏవీజీలోని 'ఏ'ని, భూతద్దం కింద పెట్టి నిదానంగా చూడండి. సుత్తి దెబ్బకు వెండి బయటివైపు పారుతుంది. ఆ పారుదల వల్ల అక్షరం నుంచి అంచు వైపు వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడతాయి. ఖాళీ తలం, అక్షరం గోడ కలిసే చోట మూల నిక్కచ్చిగా ఉంటుంది. అక్షరం పైభాగం అరిగిపోయినా ఆ మూల మిగులుతుంది. పోత నాణెంలో ఆ మూల గుండ్రబడుతుంది. వాడి సగమైన సబ్బు బిళ్ల మీది పేరులా అక్షరం తలంలోకి జారిపోయి ఉంటుంది. గాలి బుడగలు చిన్న చిన్న గుంటలుగా గానీ, గుండ్రటి బొడిపెలుగా గానీ కనిపిస్తాయి. అక్షరాల మూలల్లో బొడిపెలు గుంపుగా ఉంటే అది పోతే. గుంటల విషయంలో మాత్రం తొందరపడకండి. మట్టిలో తుప్పు తిన్న అసలు నాణేనికీ గుంటలుంటాయి. తుప్పు గుంటలు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, బుడగ గుంటలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి.

పైపూత కూడా చూడాలి. నలుపు అంతటా ఒకే మందంలో ఉంటే గంధకపు రసాయనంలో ముంచి తీశారని అనుమానించండి. రంగో, బూట్ పాలిషో అయితే శుద్ధమైన అసిటోన్‌లో పది నిమిషాలు ఉంచితే వదిలిపోతుంది. గాజు గిన్నెలో, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి. ఇందుకు నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో నూనెలు కలుపుతారు. నకిలీలను ముసలివిగా కనిపించేలా చేయడం కొత్త విద్య కాదు. 1830లో చనిపోయిన జర్మన్ నకిలీదారు బెకర్, తాను కొట్టిన నాణేలను ఇనుపరజనుతో కలిపి పెట్టెలో పెట్టి బండికి కట్టి తిప్పేవాడు.

నీటిలో తూచడం

సాపేక్ష సాంద్రత పరీక్ష ఇంట్లో చేయగలిగిన వాటిలో అన్నిటికంటే ఉపయోగం. 0.001 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు కొనుక్కోండి. 0.01 గ్రాము త్రాసుతో ఈ పరీక్ష చేయకండి, కారణం కింద చెబుతాం.

డిస్టిల్డ్ వాటర్‌ను కాచి చల్లార్చి, చిన్న ప్లాస్టిక్ కప్పులో సగానికి పైగా పోయండి. నాణెం మీద బుడగలు నిలవకుండా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపండి. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీటి కప్పును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, పైన అడ్డంగా పెట్టిన పుల్ల నుంచి నీటిలోకి పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. ఇప్పుడు త్రాసు చూపేది నాణెం తోసిన నీటి బరువు. పొడి బరువును దీంతో భాగించాలి. మన ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి వచ్చినదాన్ని 0.996తో హెచ్చించండి. ఫ్యాన్ ఆపేయడం మరచిపోవద్దు. గాలికి మూడో దశాంశం నిలవదు.

ఒక ట్రాజన్ దేనారం పొడిగా 3.412 గ్రాములు, నీటిలో 0.331 చూపిందనుకోండి. భాగిస్తే 10.31, సర్దుబాటు తర్వాత 10.27. శుద్ధ వెండి 10.49, రాగి 8.96. వెండి-రాగి మిశ్రమంలో 90 శాతం వెండి ఉంటే 10.31, 80 శాతం ఉంటే 10.14, సగం సగం అయితే 9.66. అంటే మన నాణెం ఈ 90కీ 80కీ మధ్య ఉంది, ట్రాజన్‌కు అది సబబే. ఇదే పని 0.01 త్రాసుతో చేసి ఉంటే 0.33 చూపేది. ఆ చివరి అంకె ఒక్కటి అటూ ఇటూ అయితే జవాబు 10.03 నుంచి 10.66 దాకా ఊగుతుంది. అంత వెడల్పులో సగం నకిలీలు ఇమిడిపోతాయి.

వచ్చిన అంకె చక్రవర్తికి సరిపోవాలి. అగస్టస్, టిబేరియస్‌ల వెండి దాదాపు శుద్ధం, 10.4 దగ్గర రావాలి. సెప్టిమియస్ సెవెరస్ 194 తర్వాత కొట్టించినవాటిలో వెండి సగం దగ్గరే. అతని నాణెం 10.36 చూపిందంటే అది ఇప్పటి 925 వెండి, నాణెం ఎంత అందంగా ఉన్నా సరే. 8.7 దగ్గర వస్తే మన పూజా సామాన్ల దుకాణాల్లో దొరికే జర్మన్ సిల్వర్. 8 కంటే తక్కువైతే తగరం కలిపిన తెల్ల లోహం. మట్టిలో ఉండి లోపల బోలు పడిన అసలు నాణేలు ఉండాల్సినదానికంటే కొంచెం తక్కువ చూపుతాయి. బుడగ ఒక్కటి అంటుకున్నా అంతే. మూడుసార్లు చేసి, మూడూ దగ్గరగా వస్తేనే నమ్మండి.

అయస్కాంతం సంగతి ఒక్క మాట. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే ఏమీ తేలలేదు.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం, గీటురాయి

గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల, సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో ఎక్స్‌రేలతో బంగారం, వెండి స్వచ్ఛత చూసే ఈ యంత్రాలున్నాయి. వెళ్లేముందు రెండు నియమాలు పెట్టుకోండి. నాణెం మీ కళ్లముందే ఉండాలి. గీటురాయి మీద రుద్దనివ్వకూడదు, ఆమ్లం వేయనివ్వకూడదు, మోగుతుందేమో చూద్దామని బల్ల మీద పడేయనివ్వకూడదు. రెండువేల ఏళ్ల వెండి లోపల పెళుసుబారి ఉండొచ్చు. పడేస్తే రెండు ముక్కలవుతుంది, విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. అప్పుడు అసలుదని రుజువవుతుంది గానీ నాణెం మిగలదు.

యంత్రం దగ్గర "వెండి ఎంత శాతం" అని మాత్రమే అడిగి రాకండి. పూర్తి మూలకాల జాబితా ప్రింటు తీయించుకోండి. పాతకాలపు వెండిని సీసంతో శుద్ధి చేసేవారు కాబట్టి అందులో బంగారం, సీసం చిన్న మోతాదుల్లో మిగులుతాయి. రెండూ అర శాతం అటూ ఇటూగా ఉండటం మంచి సూచన. నేటి వెండిని విద్యుత్‌తో శుద్ధి చేస్తారు, బంగారం దాదాపు మిగలదు. 99.9 శాతం వెండి, లేదా వెండి-రాగి తప్ప మరేమీ లేని 92.5 గానీ, కాడ్మియం, నికెల్ గానీ కనిపిస్తే చెడ్డ సూచన. ఇక్కడ రెండు జాగ్రత్తలు. యంత్రం చూసేది పైపొరనే. అసలు నాణెం పైపొరలో రాగి కరిగిపోయి వెండి ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి సాంద్రతతో వచ్చిన శాతం కంటే యంత్రం చెప్పే శాతం ఎక్కువ ఉండటం మామూలే. రెండో జాగ్రత్త, అరిగిపోయిన అసలు నాణేలను కరిగించి ఆ వెండితోనే నకిలీలు కొట్టేవాళ్లున్నారు. లోహం తప్పయితే నాణెం తప్పు. లోహం సరైనదైతే మాత్రం మళ్లీ ఫొటోల దగ్గరికే రావాలి.

ఆ కాలపు నకిలీలు

రాగి బిళ్లకు వెండి రేకు చుట్టి కొట్టిన దేనారాలు రోమన్ల కాలంలోనే ఉన్నాయి. బరువు సుమారు 2.5 నుంచి 3.1, సాంద్రత 9.2 దగ్గర. అంచులోనో ముక్కు మీదో పొర లేచి, కింద గోధుమ రంగు లేదా పచ్చటి రాగి కనిపిస్తుంది. బొమ్మ ఒక చక్రవర్తిది, బొరుసు మరొకరిది కావడం వీటిలో తరచూ జరుగుతుంది. సెవెరస్ వంశ కాలంలో పోత పోసిన చవక లోహపు దేనారాలూ ఉన్నాయి. వీటిని చెత్త అని తీసిపారేయకండి, ఇవీ చరిత్రే, సేకర్తలు కావాలని కొంటారు. కానీ వెండి నాణెం ధర పెట్టకూడదు. పొర లేచిన చోటును దాచి ఫొటో తీసి అమ్మినవాడు మాత్రం మోసగాడే.

"మన పొలంలో దొరికింది" అన్నప్పుడు

అగస్టస్, టిబేరియస్‌ల దేనారాలు దక్కనుకు వ్యాపారంతో వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా బయటపడ్డాయి. దక్షిణ భారతంలో దొరికినవాటిలో రెండు రకాలే పదేపదే కనిపిస్తాయి. ఒకటి పైన చెప్పిన టిబేరియస్‌ది. రెండోది అగస్టస్‌ది, బొరుసు వైపు ఆయన మనవలు గాయుస్, లూసియస్ నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్లు, ఈటెలు. కొన్నిటి మీద తలకు అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. అది ఇక్కడి పాత అలవాటు. ఈ సంగతులు తెలిసినవాళ్లే ఫోన్ గ్రూపుల్లో "నల్గొండ లంకెబిందె" అంటూ సరుకు పెడతారు. గాటు కూడా కొత్తగా పెట్టొచ్చు. భూతద్దంలో గాటు లోపలి వెండి తళతళలాడుతూ, చుట్టూ నలుపు ఉంటే అది ఈమధ్యదే.

అది నిజంగానే భూమిలో దొరికిందైతే మీకు ఇంకా పెద్ద ఇబ్బంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. పురావస్తువులు అమ్మే వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు ఉండాలి. కాబట్టి ఆ మాట అబద్ధమైతే మోసం, నిజమైతే నేరం. రెండు విధాలా కొనకూడదు. ఇక్కడి నేల నుంచి వచ్చిన రోమన్ నాణేలు చూడాలని ఉంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం నాణేల విభాగానికి వెళ్లండి, సంగారెడ్డి వైపు కొండాపూర్ మ్యూజియం కూడా చూడదగ్గదే. అసలు నాణేల అంచులు, అరుగుదల కళ్లకు అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు.

దాచుకోవడం

పూజ వెండి తోమే పీతాంబరి, విభూతి, చింతపండు, టూత్‌పేస్టు, ఏదీ నాణెం దగ్గరికి రానివ్వకండి. అవి పైపొరను తీసేస్తాయి. పారుదల గీతలు, పాత నలుపు, అంటే అసలుదని చెప్పే సాక్ష్యమంతా ఆ పొరలోనే ఉంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, జిడ్డు ఉంటే అసిటోన్, అంతే. బూడిద, ఊదా రంగు మైనంలా గట్టిగా పట్టిన పొర వెండి క్లోరైడ్, దాన్ని గోరుతో గీకకండి.

మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు వస్తుంది. పాలిస్టర్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ వాడండి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ వెండిని నల్లబరుస్తాయి. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నీలి రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా మార్చండి.

ప్రతి నాణెంతోపాటు ఒక చీటీ పెట్టండి. చక్రవర్తి, ఆర్‌ఐసీ నంబరు, బరువు, వెడల్పు, సాంద్రత, కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు. ఇన్వాయిస్, కస్టమ్స్ కాగితం, అమ్మినవాడి పేజీ స్క్రీన్‌షాట్, పాత వేలంపాట చీటీ ఉంటే అదీ, అన్నీ ఒకే కవర్లో ఉంచండి. డీలర్ ఇచ్చిన పాత చీటీ పిచ్చి కాగితంలా కనిపించినా పారేయకండి. రేపు మీరు ఇంకో సేకర్తకు ఇచ్చేటప్పుడు, ఈ నాణెం ఇక్కడి నేలలో తవ్వింది కాదని, బయటి నుంచి సక్రమంగా వచ్చిందని చూపించేది ఆ కవరే.